షెడ్డుకు ఒకే నాలుక

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరైనా ఒక్కచోట కుదురుగా కూర్చున్నట్టు నాకు గుర్తులేదు. అమ్మ నిలబడే భోంచేసేది. అత్త వెల్లుల్లి ఒలుస్తూ ఒలుస్తూ మధ్యలో లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ తనకేమీ పనిలేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. నాన్న తన కుర్చీని నీడలోంచి ఎండలోకీ, ఎండలోంచి నీడలోకీ జరుపుతూ ఉండేవాడు గానీ అందులో కూర్చునేవాడు కాదు. నేను మామూలు రోజుల్లోనే కాలుగాలిన పిల్లిని కాబట్టి నన్నెవరూ ప్రత్యేకంగా గమనించలేదు. నాకు ఇంట్లో పేరే తొందరమ్మ. ఆ పేరు పెట్టింది మా అత్త. ఆవిడ నాన్నకు స్వయానా అక్క, మామయ్య పోయాక మా ఇంటికే వచ్చేసింది. మనసు మంచిదే గానీ నోరు మూతపడదు.

మాది ఊరగాయల పని. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో గోడవారగా చెక్క పీపాలు, మధ్యలో పొడవాటి బల్ల, మూలన కుళాయి, అక్కడి నుంచి పీపాల పక్కగా బయటికి పోయే నీళ్ళ కాలువ. వేసవి మొదలవగానే బొటనవేలంత కీరదోసకాయలు బస్తాల్లో దిగేవి. వాటిని కడిగి, తొడిమలు గిల్లి, వెల్లుల్లీ మిరియాలూ ఆవాలూ వేసి పీపాకెత్తి, ఉప్పునీళ్ళు పోసి, పైన బరువు పెట్టి మూత వేస్తే చాలు. వాటంతట అవే పులిసి ఊరతాయి. చెప్పడానికి ఇంతే. మూత వేశాక ముట్టుకోకుండా ఉండటమే అందులో అసలు కష్టం, నాబోటి దానికి మరీను.

ఇంకో కష్టం ఉప్పు. తక్కువైతే కాయ కుళ్ళిపోతుంది, మరీ ఎక్కువైతే పులవదు. మా షెడ్డులో ఉప్పుకు తూకం లేదు, నాన్న నాలుకే తూకం. తొట్టిలో ఉప్పునీళ్ళు కలిపాక ఆయన గరిటెతో కాస్త తీసుకుని నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఇంకో దోసెడు" అంటే ఇంకో దోసెడు పడాల్సిందే. "చాలు" అంటే ఇక ఎవరూ మాట్లాడకూడదు. రుచి చూసే హక్కు ఆయనకొక్కడికే. "నలుగురూ నాలుకలు పెడితే పీపా నాలుగు దారులు పోతుంది. షెడ్డుకు ఒకే నాలుక" అనేవాడు. అమ్మ పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ లెక్కలేనన్ని కాయలు కడిగింది గానీ, ఉప్పునీళ్ళ చుక్క నోట్లో వేసుకుని ఎరగదు. అత్తా అంతే. నేనూ అంతే.

వేసవికి కాస్త ముందు నాన్నకు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక రెట్టింపు హుషారుగా తిరగసాగాడు. అందరం సంతోషించాం.

మొదటి బస్తాలు దిగిన రోజు ఆ హుషారు ఏమిటో నాకు తెలిసింది. కాయలు తెచ్చిన రైతు ఎదురుగా నాన్న ఒక కాయ కోసి, సగం నమిలి, "బాగున్నాయి, దించు" అన్నాడు. ఎప్పుడూ చేసే పనే. కీరదోసలో చేదు కాయలు కలుస్తుంటాయి. కొనే ముందు నమిలి చూడాలి. బల్ల మీద మిగిలిన ముక్కను అత్త నోట్లో వేసుకుని, మరుక్షణం గొంతులో ఏదో పడిందంటూ కుళాయి దగ్గరికి పరిగెత్తింది. నాన్న అటు చూడలేదు. నా మోచెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు.

"అదే కాయ ఇది. తిను."

కొరికాను. వెంటనే ఉమ్మేశాను. "విషం నాన్నా ఇది!"

"చేదా?"

"చేదా ఏమిటి! నోరంతా పాడైంది. నువ్వు తిన్నావుగా?"

నాన్న గోడకు చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. "సగం కాయ తిన్నాను. కొయ్యముక్క నమిలినట్టుంది. జ్వరం తగ్గినప్పటి నుంచీ ఇంతే. ఉప్పు లేదు, పులుపు లేదు, వాసన కూడా లేదు. డాక్టరేమో రావచ్చు, రాకపోవచ్చు అంటాడు. ఆ ముక్క నేనూ చెప్పగలను."

"అమ్మకి తెలుసా?"

"చెప్పానంటే షెడ్డుకు తాళం వేసి నన్ను వీధి గదిలో కూర్చోబెడుతుంది. మీ అత్తకి చెప్తే మధ్యాహ్నానికి వీధంతా పలకరించడానికి వస్తుంది."

"పోనీ ఉప్పు తూకం వేద్దాం. అదెంత పని?"

"ఇన్నేళ్ళూ వెయ్యనివాడిని ఇప్పుడు వేస్తే ఎందుకని అడగరా?" అని, కాసేపు కాళ్ళ దగ్గర మట్టిని చెప్పుతో గీశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మాయ్, షెడ్డులో నేను చేసే పని ఇదొక్కటే. కడగడం మీ అమ్మ చేస్తుంది. ఒలవడం మీ అత్త చేస్తుంది. పీపాలు దొర్లించడానికి నువ్వున్నావు. ఇది కూడా పోతే పొద్దున్నే లేచి నేనెక్కడికి వెళ్ళాలి?"

నాన్న అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అమ్మ కనిపెడుతుందని ముక్కు చీదుకుని ఊరుకున్నాను.

పద్ధతి ఆయనే ఆలోచించాడు. ఇక నుంచి పని నేర్పుతున్నానని చెప్పి నన్ను పక్కన నిలబెట్టుకుంటాడు. ఇద్దరం చెరో గరిటె రుచి చూస్తాం. ఉప్పు చాలకపోతే నా చేతిలోని తుడుపు గుడ్డ చేతిలోనే ఉండాలి. సరిపోతే గుడ్డ భుజం మీదికి వెళ్ళాలి. మిగిలిన నాటకం ఆయన చూసుకుంటాడు.

"ఎంత ఉంటే సరిపోయినట్టు?" అని అడిగాను.

"సముద్రంలో మునిగినప్పుడు పొరపాటున నీళ్ళు మింగావనుకో. ముఖం ఎలా పెడతావు? అలా పెట్టాలి. మొదట్లో ఎవరికైనా ఇదేం ఉప్పు రా బాబూ అనిపించాలి. కాయ నీళ్ళు వదులుతుంది, ఉప్పు లోపలికి పీల్చుకుంటుంది. అప్పుడు గానీ సరికి రాదు."

ఆ చేదు బస్తాను నేనే ఏదో సాకు చెప్పి వెనక్కి పంపించేశాను. మర్నాడు మొదటి తొట్టి కలిపాం. అమ్మ కాయలు కడుగుతూ, అత్త వెల్లుల్లి ఒలుస్తూ ఇటే చూస్తున్నారు. నాన్న గరిటె నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నేనూ ఒక గుక్క వేసుకున్నాను. ఉప్పగా ఉంది గానీ ముఖం ముడుచుకునేంత లేదు. గుడ్డ చేతిలోనే పట్టుకున్నాను. నాన్న సగం కన్ను తెరిచి చూసి, "ఇంకో దోసెడు" అన్నాడు. వేశాం. ఇంకోసారి చూశాం. "ఇంకో అర దోసెడు." ఈసారి నా ముఖం దానంతట అదే వంకర్లు పోయింది. గుడ్డ భుజం మీద వేసుకున్నాను.

"చాలు!" అన్నాడు నాన్న, రేకులదిరేలా.

"ఎందుకురా అంత అరుపు? ఇక్కడెవరికీ చెవుడు లేదు" అంది అత్త.

ఆ వారంలో పీపాలన్నీ నిండాయి. నా నాలుక మొద్దుబారిపోయింది. మంచినీళ్ళు తాగినా ఉప్పగానే ఉండేవి. కానీ నాలుక మీద గురి కుదిరింది. గరిటె నోటి దగ్గరికి రాగానే ఇంకెంత పడాలో తెలిసిపోయేది. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేను. చెప్పుకోలేని గొప్ప కడుపులో పెట్టుకుని తిరగడం నాలాంటి దానికి శిక్ష. అద్దం ముందు నిలబడి గుడ్డ భుజాన వేసుకుని, "చాలు!" అని నాన్నలా అని చూసుకునేదాన్ని.

పీపాలకు మూతలు పడ్డాయి. ఇక చెయ్యాల్సింది ఎదురుచూడటమే. పక్క వీధి ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటమేస్త్రి ఏటా మా పీపాల్లో సగానికి పైగా తీసుకునేవాడు. ఆయన వచ్చి ఒక కాయ కొరికి, తలూపి, బండి పంపితే ఆ ఏడు మా ఇల్లు గడిచినట్టే. అది వచ్చేదాకా ఏటా కాస్త ఆదుర్దా మామూలే. ఆ ఏడు మాత్రం మామూలుగా లేదు. అమ్మ పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి ఖాళీ బకెట్‌తో వచ్చేది. ఏమిటంటే, "నేల కడిగానే" అనేది. మధ్యాహ్నం అందరం నడుం వాల్చినప్పుడు అత్త లేచి వెళ్ళేది. ఏమిటంటే, "చల్లగా ఉంటుందని" అనేది. రేకుల షెడ్డు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చల్లగా ఎలా ఉంటుందో నాకు తట్టలేదు. నా మనసంతా నా నాలుక మీదే ఉంది. సరిగ్గా చెప్పానా? తొందరపడి గుడ్డ భుజాన వేశానా? పీపాల పక్కన కాలువగట్టు ఎండి తెల్లగా ఉప్పు కట్టింది. పోసేటప్పుడు ఒలికిందనుకున్నాను.

మూతలు పడ్డ మర్నాడే పొయ్యి మీద పాలు మాడిపోయాయి. అమ్మా నేనూ వీధిలో కూరగాయల బండి దగ్గర ఉన్నాం. మాడు వాసన వీధి గుమ్మం దాకా కొట్టింది. ఇద్దరం పరిగెత్తుకొచ్చేసరికి నాన్న పొయ్యికి రెండడుగుల దూరంలో నిలబడి హాయిగా పేపర్ చదువుకుంటున్నాడు. వంటిల్లంతా పొగ.

అమ్మ పొయ్యి ఆపింది. నాన్న వంక చూసింది. "ఏమండీ, పాలు మాడుతున్నాయి."

"అవునా? పేపర్లో పడి చూడలేదు."

"చూడక్కర్లేదు కదండీ" అంది అమ్మ, చాలా నెమ్మదిగా.

నాకేం చెయ్యాలో తోచక, "నాకూ వాసన రాలేదమ్మా, జలుబు చేసింది" అనేశాను. వాసన పట్టుకునే కదా వీధిలోంచి పరిగెత్తుకొచ్చాను! అమ్మ నన్నూ ఒక చూపు చూసి గిన్నె తోమడానికి కూర్చుంది. మసి పోయాక కూడా చాలాసేపు తోముతూనే ఉంది.

వంటమేస్త్రి వచ్చిన రోజు నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మొదటి పీపా మూత నేనే తీశాను. పైన దళసరిగా తెల్లటి పొర కట్టి ఉంది. దాని కింద కాయలు రంగు పోయి మెత్తబడిపోయాయి. వాసన నాకు తెలిసింది, అమ్మకు తెలిసింది, అత్తకు తెలిసింది. నాన్న మాత్రం నవ్వుతూ చెయ్యి పెట్టి ఒక కాయ తీశాడు. అది ఆయన వేళ్ళ మధ్య గుజ్జుగా నలిగిపోయింది.

రెండో పీపా అంతే. మూడోదీ అంతే. మేస్త్రి నోట్లో ఏమీ పెట్టుకోలేదు. భారీ మనిషి, ఎప్పుడూ పెద్దగా నవ్వుతూ మాట్లాడేవాడు. ఆరోజు మూత తనే తిరిగి వేసి నెమ్మదిగా అన్నాడు.

"అన్నా, ఇది మీ చేతిది కాదు."

"నా చేతిదే మేస్త్రీ" అన్నాడు నాన్న, చెయ్యి తుడుచుకుంటూ. "ఉప్పు నేనే చూశాను. తప్పు నాదే."

నా నాలుక చివరిదాకా వచ్చింది, ఉప్పు చూసింది నేనని. నాన్న కళ్ళతోనే వద్దన్నాడు.

మేస్త్రి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు పై నుంచి అడుగుతారన్నా. ఈసారికి వేరేచోట చూసుకోక తప్పదు. చివరి కాయలు ఇంకా రావాలి కదా? అవైనా ఒక్క పీపా కుదిరిందంటే కబురు చెయ్యండి. దాన్ని చూపించి వచ్చే ఏడాదికి మాట్లాడతాను."

ఆయన వెళ్ళిపోయాక పీపాలు ఒక్కొక్కటే కాలువ దాకా దొర్లించి ఒంపడం మొదలుపెట్టాం. నాకు ఒళ్ళు మండిపోతోంది, నా మీద నాకే. ఉప్పు కలిపిన ఆ వారమంతా అద్దం ముందు చేసిన నా భాగోతం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కోపంలోనే, ఒంపుతున్న నీళ్ళు దోసిట్లో పట్టి నాలుక మీద వేసుకున్నాను.

చప్పగా ఉన్నాయి.

ఇంకో పీపా దగ్గరికి వెళ్ళి అందులోవి చూశాను. అవీ చప్పనే. కాయ ఎంత పీల్చుకున్నా మేం వేసిన ఉప్పు ఇంతకు దిగదు. నా నాలుకకు అంతమాత్రం తెలుసు.

"ఎవరో నీళ్ళు కలిపారు" అన్నాను.

అత్త తొడిమల బుట్ట సర్దుతోంది, సర్దడానికి అందులో ఏమీ లేదు. అమ్మ చీపురు పట్టుకుని నిలబడింది. ముందు నోరు విప్పింది అమ్మే.

"పీపాకో బకెట్ ఉప్పునీళ్ళు తీసేసి మంచినీళ్ళు పోశాను. ఒక్క బకెట్టే."

అత్త గిరుక్కున తిరిగింది. "నువ్వూ పోశావా?"

"నువ్వూ ఏమిటి వదినా? మీరు..."

"నేనూ బకెట్ పోశానమ్మా! మధ్యాహ్నాలు! మీరంతా పడుకున్నాక!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ చీపురు గోడకు ఆనించి నాన్న వైపు తిరిగింది. "పాలు మాడిన రోజే అర్థమైందండీ నాకు. అడిగితే మీరు ఒప్పుకోరు. ఆ మధ్యాహ్నమే మొదటిసారి పీపాలో వేలు ముంచి చూశాను. ఉప్పు కషాయంలా ఉంది. ఇంక మేస్త్రి నోట్లో పెట్టుకుంటే మీ పరువేం కావాలి? అందుకే..."

"నాకు చేదు కాయ నాడే తెలిసింది" అంది అత్త. "ఆ విషాన్ని నవ్వుతూ నమిలావు కదరా. నీకు తెలియకుండా సరిచేసేస్తే నువ్వు ఎప్పట్లా తిరుగుతావనుకున్నాను. ఒక్కదానితోనైనా చెప్పానేమో అడుగు. నా నోటికి తాళం వేసుకున్నానురా తమ్ముడూ, నేను!"

నాన్న ఖాళీ పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "మొదట్లో అలాగే కషాయంలా ఉంటుంది. అలాగే ఉండాలి" అన్నాడు. "కాయ పీల్చుకుంటుంది. ఆ మాత్రం తెలియదా మీకు?"

"ఎలా తెలుస్తుందండీ?" అంది అమ్మ. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. "ఒక్కసారైనా చూడనిచ్చారా?"

కాలువలో కాయలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కొట్టుకుపోతున్నాయి. నాన్న వాటినే చూస్తూ, "అయితే ఉప్పు సరిగ్గానే పడిందన్నమాట" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు సరిగ్గానే చెప్పావు" అని లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

అమ్మ నా భుజం మీది గుడ్డ లాగి చూసింది. "అందుకా ఇది?" అంది. తల ఊపాను. అప్పుడు ముగ్గురం అక్కడే చతికిలబడి ఏడ్చాం, మధ్యలో అత్త "మధ్యాహ్నాలు చల్లగా ఉంటుందని వెళ్ళానట!" అని తనను తానే వెక్కిరించుకుంటే నవ్వాం కూడా.

నాన్న ఆ తర్వాత షెడ్డు వైపు రాలేదు. వీధి గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వేసవంతా ఎండకూ నీడకూ జరిపిన ఆ కుర్చీ ఇప్పుడు గోడ పక్కన పెట్టింది పెట్టినట్టే ఉంది. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. నాకు అదే భయం వేసింది. గంతులు వేసినా, అరిచినా, అబద్ధాలాడినా బాగుండేది. అలా కుదురుగా కూర్చున్న నాన్నను చూస్తే గదిలో నిలబడలేకపోయేదాన్ని.

చివరి కాయలు వచ్చాయి. వంకరటింకరవి, చిన్నవి, ఒక్క పీపాకు సరిపోయేవి. రైతు ఎదురుగా కాయ కోసి నేనే నమిలాను. తొట్టిలో ఉప్పు కలిపి వెళ్ళి నాన్నను పిలిచాను. "మీరు చూసుకోండి" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ. ఆయన "మీరు" అన్నది మా ముగ్గురినీ కలిపి. అయినా ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

చూసుకున్నాం. ముగ్గురికీ మూడు గరిటెలు తెచ్చాను. అమ్మ కాస్త బెరుగ్గా వీధి గది వైపు ఒకసారి చూసి, అప్పుడు నోట్లో వేసుకుంది. ముఖం ముడుచుకుపోయింది.

"ఇంత ఉప్పా?"

"చాలదమ్మా ఇంకా. సముద్రంలో మునిగి నీళ్ళు మింగినట్టుండాలి."

"నేనెప్పుడు మునిగానే సముద్రంలో?"

"ఇప్పుడు మునుగుతావు, ఉండు" అని ఇంకో దోసెడు వేశాను. ఈసారి అత్త దగ్గీ తుమ్మీ కుళాయి దగ్గరికి పరిగెత్తింది.

"చాలు!" అన్నాను, వీధి గదిలోకి వినిపించేలా. అక్కడి నుంచి ఏ అలికిడీ రాలేదు.

మూత వేశాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మ నన్ను షెడ్డులోకి వెళ్ళనిచ్చేది కాదు, నేను అమ్మను వెళ్ళనిచ్చేదాన్ని కాదు, ఇద్దరం కలిసి అత్తను కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. పీపా దగ్గర బకెట్ ఉండకూడదని అత్తే బకెట్లన్నీ మేడ మీదికి చేర్చింది. నీళ్ళు కావాల్సినప్పుడల్లా మెట్లెక్కి దిగి నడుం పట్టుకుని తనే తిట్టుకునేది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున మూత తీశాను. మంచి వాసన. కాయ తీసి కొరికాను. ఉప్పూ పులుపూ కుదిరాయి. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మేస్త్రికి కబురు చెప్పి రావాలని చెప్పులు కూడా వేసుకున్నాను. గుమ్మం దాటబోతూ వీధి గదిలో నాన్నను చూసి ఆగిపోయాను. వెనక్కి వెళ్ళి ఇంకో కాయ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"నాన్నా, ఊరింది. చూడు."

"నువ్వు చూశావుగా."

"చూశాను. నువ్వూ చూడు."

"కొయ్యముక్క నమలడానికి నేనెందుకు?"

"పళ్ళున్నాయి కదా, నములు" అన్నాను. అమ్మ తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె వెనకే అత్త. "అది నిన్ను వదలదురా, కొరికి పడెయ్" అంది.

మా పోరు పడలేక కొరికాడు. రెండుసార్లు నమిలి ఆగాడు. కాయ వంక చూశాడు.

"ఆ ఫ్యాన్ ఆపు."

ఆపాను. ఇంకోసారి కొరికాడు, తల ఒక పక్కకు వంచి. "అక్కా, ఒక్క నిమిషం మాట్లాడకు" అన్నాడు. అత్త అప్పటికి ఏమీ మాట్లాడటం లేదు. అమ్మ వెళ్ళి వంటింట్లో కారుతున్న కుళాయి కట్టేసి వచ్చింది. గదిలో నాన్న నమిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ఇంకా ఊరలేదు" అన్నాడు.

"ఎందుకూరలేదు? ఉప్పూ పులుపూ..."

"ఉప్పూ పులుపూ నువ్వు చెప్పాలి, నాకు తెలియదు. పచ్చికాయ కొరికితే టక్కుమంటుంది. ఊరిన కాయ కరకరమంటుంది. ఇది అంచుల్లో కరకరమంది, నడుమ టక్కుమంది. మధ్యలో ఇంకా పచ్చిగా ఉంది. ఇన్నేళ్ళూ వింటూనే ఉన్నానేమో, రుచి గోలలో పట్టించుకోలేదు."

అమ్మ పీపాలోంచి ఇంకో కాయ తెచ్చి చాకుతో నిలువునా చీల్చింది. చుట్టూ పచ్చటి గాజులా మెరుస్తోంది. నడుమ సన్నగా, పచ్చిగా తెల్లటి చార. అమ్మ దాన్ని నా ముక్కు ముందు పెట్టింది.

"మేస్త్రికి కబురు చేశావా?" అన్నాడు నాన్న.

"లేదు, వెళ్ళబోతున్నాను."

"అలాగే వెళ్తావు నువ్వు! ఆగు."

కుర్చీలోంచి లేచాడు. చెప్పుల కోసం కుర్చీ కింద కాలితో వెతుక్కుని, దొరక్కపోతే ఉత్త కాళ్ళతోనే మా ముందు నడిచి షెడ్డులోకి వెళ్ళాడు. పీపా చుట్టూ ఒకసారి తిరిగాడు. బరువు సరిగ్గా కూర్చుందో లేదో చేత్తో నొక్కి చూశాడు. మళ్ళీ ఆ గరిటె అందుకుంటాడేమోనని చూశాను. గరిటె తీసి నా చేతికిచ్చాడు.

"ఉప్పు?"

గుక్క వేసుకున్నాను. ఆరోజు నా దగ్గర గుడ్డ లేదు. అమ్మా అత్తా పక్కనే ఉన్నారు.

"సరిపోయింది నాన్నా" అన్నాను పైకే.

"సరే. మూత పెట్టు."

పెట్టాను. ఈసారి ఎవరూ ముట్టుకోలేదు.